ముప్పై రెండో పేజీ

శృంగవరపుకోట నుంచి ఫోన్ వచ్చేసరికి నేను పళ్లు తోముకుంటున్నాను. ఉదయం ఏడు దాటింది. ఫోన్ చేసింది నా స్నేహితురాలు, అక్కడ ఆడవాళ్ల బట్టలు కుట్టే కొట్టు నడుపుతుంది. ఎత్తగానే ఒక తిట్టు తిట్టి గానీ మాట మొదలుపెట్టని మనిషి, ఆ రోజు గొంతు బాగా తగ్గించింది.

"ఎలగ జరిగినాదే? నాకొక్క మాట సెప్పాలనిపించలేదేటే?" అంది.

నోట్లో నురగతోనే ఎవరికి ఏం జరిగిందని అడిగాను. మా మావయ్య పోయిన సంగతి తన దగ్గర దాచానని బాధపడుతోందట. నా కొత్త పుస్తకం ముందురోజు పోస్టులో అందిందట, పడుకునే ముందు చదివిందట, ముప్పై రెండో పేజీ దగ్గర కళ్లనీళ్లు ఆగలేదట. మా మావయ్య పోవడమేమిటే, ఆయన శ్రీకాకుళం ఆస్పత్రిలో ఉన్నాడు, ఈ రోజు పదింటికి గుండె ఆపరేషను అని అరిచినంత పని చేశాను.

"మరి ఆ ఫోటోకి దండెందుకేసినావే?" అంది.

నోరు కూడా కడుక్కోకుండా పోయి అట్టపెట్టెలోంచి ఒక పుస్తకం లాగాను. ముప్పై రెండో పేజీలో ఒకటే పెద్ద బొమ్మ. కోటబొమ్మాళిలో మా మావయ్య ఇంటి ముందు గది. మా అత్త గుమ్మంవైపు తిరిగి ఒక్కతే కూర్చుంది, మనకి కనిపించేది ఆవిడ వీపే. ఎదురు గోడ మీద మా మావయ్య ఫోటో. ఫోటో చుట్టూ దండ. ఆ బొమ్మని నేను గీశాను, సిరా పెట్టాను, స్కాన్ చేశాను, ప్రెస్సులో ప్రూఫు చూశాను. కనీసం యాభైసార్లు చూసి ఉంటాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అసలు ఇలా ఎలా జరిగిందో చెప్పాలి. నేను బొమ్మల కథలు వేస్తాను. ఏ పత్రికా వెయ్యమనలేదు, ఎవరూ అడగలేదు. నేనే రాసుకుని, నేనే గీసుకుని, విజయనగరంలో ఒక చిన్న ప్రెస్సులో మూడొందల కాపీలు వేయించి, నేనే అమ్ముకుంటాను. మొదటి పుస్తకం పలాస పాసింజరు ఎక్కేవాళ్ల మీద. రెండోది మా వీధి కుక్కల మీద, అది మా వీధివాళ్లకి తప్ప అందరికీ నచ్చింది. మూడోది జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతుల మీద. నాలుగోది, ఈ పుస్తకం, మా మావయ్య మీద.

నాకు నచ్చిన బొమ్మలవాళ్లెవరని అడిగినవాళ్లు పెద్దపెద్ద పేర్లు వస్తాయని పెన్ను పట్టుకుని కూర్చుంటారు. నాకున్నది ముగ్గురే. ఒకామె ఈ ఫోన్ చేసిన టైలరు. ఆమె కొలతల పుస్తకంలో ప్రతి మనిషి జాకెట్టు కొలతల పక్కనా ఆ మనిషి చేతులుంటాయి, ఆ మనిషి అన్న మాట ఉంటుంది, ముఖం ఉండదు. ముఖం వేస్తే తగాదాలొస్తాయంటుంది. రెండో ఆయన శ్రీకాకుళంలో బ్యాంకు గుమస్తా, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. పాడైన ఫారాల వెనక బాల్ పెన్నుతో వరసలో నిలబడ్డవాళ్లని వేస్తాడు. నాకు చూపించడానికే ఏడాది సిగ్గుపడ్డాడు. మూడో మనిషి మా మావయ్య, అమ్మకి తమ్ముడు. కోటబొమ్మాళి చుట్టుపక్కల ముప్పై ఏళ్లు కొట్ల బోర్డులు రాశాడు, నాటకాల తెరలు వేశాడు, ఎలక్షన్ గోడలు రాశాడు. కుంచె ఎత్తకుండా ఒక్క గీతలో ఎద్దుని నిలబెట్టేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని మింగేశాయి. నేను సెలవులకి వెళ్తే రంగు కలపడం నేర్పింది ఆయనే, గీత వంకరపోతే నెత్తిన మొట్టిందీ ఆయనే.

ఆ పుస్తకంలో ఒక పేజీ ఆయనే స్వయంగా వేశాడు. ముప్పై ఒకటో పేజీ. ఆయన రాసిన మొదటి బోర్డు, ఒక కిరాణా కొట్టుది, పక్కన తక్కెడ పట్టుకున్న షావుకారు. ఆ కాగితానికి రెండో వైపే ముప్పై రెండు.

ఇక దండ సంగతి. మావయ్య జాతరకి తెర వెయ్యడానికి పోయి నాలుగు రోజులు రాడు, అత్త ఇంట్లో ఎదురుచూస్తుంది. అదీ ఆ బొమ్మ. వాళ్ల గది ఫోటో నా దగ్గర లేక, మా ఇంటి ముందు గదిని ఫోన్లో ఫోటో తీసి, దాన్ని కింద పెట్టుకుని గీశాను. మా గోడ మీద మా తాత ఫోటో ఉంది, దానికి దండ ఉంది. అది ఎవరి ఇల్లో చదివేవాళ్లకి తెలియాలని తాత ముఖం తీసి మావయ్య ముఖం పెట్టాను. దండ మాత్రం ఉంచాను. ఎందుకంటే ఆ బొమ్మలో పైన ఎక్కడో ఒకచోట గట్టిగా నలుపు పడాలి, లేకపోతే గది గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది. దండ నల్లగా, బరువుగా, సరిగ్గా కావలసినచోట పడింది. నాకది దండలా కనిపించలేదు, నలుపులా కనిపించింది. ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయాను కూడా. నా బుద్ధి గడ్డి తింది.

రెండ్రోజుల ముందు నేనే కోటబొమ్మాళి వెళ్లి మొదటి కాపీ మావయ్య చేతిలో పెట్టి వచ్చాను. ఆయన తెరవలేదు. ఇప్పుడు చూస్తే తప్పులన్నీ కనబడి బుర్ర పాడవుతుందట, ఆపరేషన్ అయ్యాక తీరిగ్గా చూసి తిడతాడట. బట్టల సంచిలో పెట్టమని అత్తకిచ్చాడు. అంటే ఆ పుస్తకం ఇప్పుడు ఆస్పత్రిలో, మా అత్త ఒళ్లో ఉంది.

మా అత్త బడి మొహం చూడలేదు. అక్షరం రాదు, అంకెలే వచ్చు. బొమ్మ మాత్రం చదువుతుంది. నేను పన్నెండేళ్లప్పుడు ఎవరినో గీసి చూపిస్తే, ఈ మనిషికి పొద్దుట్నుంచీ తిండి లేదు అని చెప్పింది, నేను వేసింది నిజంగా అదే. ఇంకో సంగతి, ఆవిడకి శకునాల పట్టింపు. ఆపరేషన్ మాట వచ్చినప్పట్నుంచీ ఇంట్లో ఎవర్నీ పడమర గుమ్మంలోంచి వెళ్లనివ్వలేదు, ఎవరైనా తుమ్మితే మావయ్యని పది నిమిషాలు కూర్చోబెట్టింది. అలాంటి మనిషి, మొగుణ్ణి గుండె కోతకి పంపుతున్న రోజున, నేను గీసిన ఆ పేజీ తెరిచిందంటే?

ఫోన్ చేసి ఆ పుస్తకం తెరవొద్దని చెబుదామా అనుకున్నాను. తెరవొద్దంటే మా అత్త మొదట చేసే పని తెరవడం. ఎనిమిదిన్నరకి విజయనగరం కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సెక్కాను. ఆ డ్రైవరు నాతవలస దాటేదాకా ఎవరికో బాకీ ఉన్నట్టు నెమ్మదిగా నడిపాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పూసపాటిరేగ దగ్గర బ్యాంకు అన్నయ్యకి ఫోన్ చేశాను. బ్యాంకు తెరిచేలోపు ఆస్పత్రికి వెళ్లి, ఏదో ఒకటి చెప్పి ఆ పుస్తకం తీసుకుపొమ్మన్నాను. ఏదో ఒకటి అంటే ఏం చెప్పమంటావు అన్నాడు. అబద్ధం చెప్పు అన్నాను. సరే అన్నాడు గానీ, ఆయన అబద్ధం చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

పైడిభీమవరం ఫ్యాక్టరీల దగ్గర లారీలు అడ్డం. గడియారం తొమ్మిదిన్నర. రణస్థలం దాటుతుంటే ఆయన ఫోన్ వచ్చింది. గొంతు వింటూనే పని చెడిందని అర్థమైంది. వెళ్లాడట, అత్తకి దండం పెట్టాడట, పుస్తకంలో చిన్న అచ్చుతప్పు ఉంది, మార్చి ఇస్తాను అన్నాడట. ఏ పేజీ అని అత్త అడిగిందట. ఈ మహానుభావుడు ముప్పై రెండు అని చెప్పేశాడట.

"మీ అత్తగారు నన్ను కాసేపు చూశారమ్మా. తర్వాత, దాన్నే రమ్మను అన్నారు."

ఆ ఫోన్ పెట్టేశాక రణస్థలం నుంచి శ్రీకాకుళం దాకా నేను ఎలా కూర్చున్నానో నాకే తెలియదు. దాన్నే రమ్మను. తిట్టి ఉంటే బాగుండేది. మా అత్త తిట్టిందంటే సగం కోపం పోయినట్టే. నా పక్కన కూర్చున్నావిడ ఒంట్లో బాగులేదా అని అడిగి కిటికీ తీసింది. చిలకపాలెం దగ్గర పది అయింది. ఇప్పుడు ఆయన్ని లోపలికి తీసుకుపోయి ఉంటారు, చూసి ఉంటాడా, చూసే వెళ్లాడా అనుకున్నాను. ఆయనకేమైనా అయితే ఇక నేను కుంచె పట్టను అని కూడా అనుకున్నాను. అలాంటప్పుడు మనిషి ఏవేవో అనుకుంటాడు.

ఆస్పత్రిలో రెండో అంతస్తు. ఆపరేషన్ గది బయట ఇనప కుర్చీల వరసలో చివర కుర్చీలో మా అత్త ఉంది. ఒళ్లో సంచి, సంచి మీద రెండు చేతులు. నన్ను చూసి లేవలేదు, రమ్మనలేదు. మావయ్యని పావుగంట క్రితమే లోపలికి తీసుకెళ్లారట. పక్కన కూర్చున్నాను. సంచిలోంచి పుస్తకం తీసి నా ఒళ్లో పడేసింది. తెరిచాను. ముప్పై పక్కన ముప్పై మూడు ఉంది. మధ్య కాగితం లేదు, కుట్టు దగ్గర చింపిన అంచు మాత్రం ఉంది.

ముందురోజు మధ్యాహ్నం మావయ్యని పరీక్షలకి తీసుకెళ్లినప్పుడు చూసిందట. ఆయన తిరిగొస్తే కంటబడుతుందని చింపేసిందట. ఆయనకేమీ తెలియదట. ఇంతవరకు చెప్పి బొడ్డులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. చెమటకి తడిసి మెత్తబడింది.

"తెలిసే గీసినావా, తెలవక గీసినావా?" అంది.

తెలవక అన్నాను.

"కాల్సుదునా అంటే కాల్సకూడదు. ఆయన మొకం అది. ఇంకొంచెం సింపుదునా అంటే సెయ్యి రాలేదు. నాగావళిలో పడేద్దునా అంటే, ఏట్లో ఏటి కలుపుతారో నీకు తెల్దా? సెత్తబుట్టలో ఎలగెయ్యను? నిన్నట్నుంచీ బొడ్డులో ఎట్టుకుని కూసున్నాను. అది ఒంటి మీదుండగా మెతుకు దిగలేదే. నువ్వు సేసినావు. నువ్వే తియ్యి."

ఆవిడ గొంతులో కోపం లేదు, అదే నన్ను చంపేసింది. నేను ఏడ్చాను. ఏడవకు, లోపల ఆయనుండగా గుమ్మం ముందు ఏడిస్తే మంచిది కాదు అంది. కళ్లు తుడుచుకున్నాను.

సంచిలో పెన్నులు ఎప్పుడూ ఉంటాయి. కాగితం విప్పి పుస్తకం అట్ట మీద పరిచాను. మడతల దగ్గర సిరా కొంచెం పగిలింది. అచ్చు పడిన నలుపుని తుడవలేం. తెల్లరంగు పూద్దామంటే, తెల్లగుడ్డ కప్పినట్టు ముఖం మీద తెలుపు పడకూడదని అత్త చెప్పేసింది. మొత్తం ఫ్రేముని నల్లగా నింపుదామంటే అది ఇంకా ఘోరం. తియ్యడానికి దారి లేదు, కలపడానికే ఉంది. ఆ దండని ఇంకేదో చెయ్యాలి. ఆయన్ని ఫోటోలోంచి బయటికి తేవాలి.

ముందు ఫ్రేముని కిటికీ చేద్దామని నిలువుగా రెండు ఊచలు గీశాను. అత్త వేలు పెట్టి, "జైల్లో ఎట్టినావేటి?" అంది. ఇంకా నయం, సన్నగా గీశాను. ఆ ఊచలని కిటికీ తలుపుల అంచులుగా మార్చి రెండు రెక్కలు బయటికి తెరిచాను. కింద ఒక గట్టు. ఇప్పుడు మావయ్య వీధిలోంచి లోపలికి తొంగిచూస్తున్నాడు. దండ పువ్వుల్లో ఒక్కోదానికి తొడిమ పెట్టి ఆకు చేశాను. ఆకుల మధ్య తీగలు. చిక్కుడు పాదు కిటికీకి అల్లుకున్నట్టు వచ్చింది. ఆకులు వంకరగా పడుతున్నాయి. గట్టిగా నొక్కితే వెనకవైపు మావయ్య వేసిన షావుకారు మీద అచ్చు దిగుతుందని భయం. లోపల్నుంచి నర్సు వచ్చినప్పుడల్లా ఇద్దరం తలెత్తి చూసేవాళ్లం. ఆమె మమ్మల్ని చూడకుండా వెళ్లిపోయేది.

"కాయలెయ్యి. కాయల్లేని పాదు ఏటి పాదు?" అంది అత్త. కాయలు వేశాను.

ఆవిడ కాగితాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. పాదు బాగుంది, కిటికీ బాగుంది. అయినా ముఖం తేలికపడలేదు. ఇంకా ఫోటోలాగే ఉన్నాడు అంది. నిజమే. ఫోటో చూసి వేసిన ముఖం కదా, ఎటూ చూడకుండా బిగుసుకుని ఉన్నాడు. ఆ ముఖాన్ని ఏం చెయ్యాలో తోచక చాలాసేపు అలా కూర్చున్నాను. అప్పుడు నా పనిలో రోజూ వాడేది, చిన్నపిల్లలకి కూడా తెలిసినది, గుర్తొచ్చింది. ఆయన నోటి దగ్గర్నుంచి చిన్న తోక గీసి, పైన ఖాళీలో ఒక బుడగ వేశాను. కామిక్స్‌లో మాట రాసే బుడగ. పెదవుల మధ్య చిన్న నలుపు పెట్టి నోరు తెరిపించాను. ఫోటో మాట్లాడదు. మాట్లాడితే మనిషే.

"ఏటంటన్నాడు?" అంది అత్త. ఖాళీ బుడగ చూపించి, నువ్వే చెప్పు అన్నాను. ఆవిడ ఆపరేషన్ గది తలుపువైపు చూసింది.

"ఏటంటాడు, ఒసే, టీ ఎట్టవే అంటాడు. ఇంటికొచ్చినాడంటే ముందు అదే కదా."

అదే రాశాను. ఆవిడకి అక్షరాలు రావు కాబట్టి ఒక్కొక్క మాట కింద వేలు పెట్టి చదివి వినిపించాను. నిన్నటి నుంచి మెతుకు ముట్టని మనిషి అప్పుడు మంచినీళ్లు తాగింది. కింద మందుల షాపులో టేపు కొని ఆ కాగితాన్ని మళ్లీ పుస్తకంలో అతికించాను. గుండెల మీద బరువు దిగిందనుకున్న ఆ నిమిషంలోనే ఆవిడ అడిగింది.

"ఇలాటివి ఎన్ని కొట్టించినావు?"

మూడొందలు అన్నాను.

"అయితే ఎంతమంది ఇళ్లల్లో మీ మావకి దండేసున్నాది?"

నేను ఆ ఒక్క కాపీ గురించే పరిగెత్తుకొచ్చాను. మిగిలినవాటి గురించి ఆలోచన కూడా రాలేదు. ఆవిడకి మాత్రం ప్రతి పుస్తకమూ ఒక గోడ, ప్రతి గోడ మీదా ఒక దండ. అన్నీ మార్చేస్తాను, ఒక్కటి కూడా మిగల్చను అని చేతిలో చెయ్యి వేసి చెప్పాను.

మధ్యాహ్నం రెండు దాటాక డాక్టరు బయటికొచ్చి గండం గడిచిందన్నాడు. అత్త చెప్పుల్లేకుండా మెట్లవైపు వెళ్లి, గోడకి తిరిగి కాసేపు నిలబడి వచ్చింది. ఏడవలేదు. ఇంకా అన్నీ మారలేదు కదా అంది.

తర్వాత నెలన్నర నేను వేరే పని చెయ్యలేదు. రెండు వందల అరవై పుస్తకాలు మా ఇంట్లోనే ఉన్నాయి. రోజుకి పదేసి తెరిచి, ఒక్కోదానికి కిటికీ రెక్కలు, ఆకులు, కాయలు, బుడగ. వేళ్లు వాచిపోయాయి. పోస్టులో వెళ్లినవాళ్లకి ఉత్తరాలు రాసి వెనక్కి తెప్పించుకున్నాను. నా ఇద్దరు బొమ్మలవాళ్లూ తలా కొన్ని పట్టుకుపోయారు. టైలరమ్మ వేసిన పాదు కుట్టు పనిలా ఉంటుంది, ప్రతి ఆకుకీ ఈనెలు. కిటికీ గట్టు మీద మావయ్య రెండు చేతులూ అదనంగా వేసింది, ముఖం ముట్టుకోలేదు. బ్యాంకు అన్నయ్య తాను చేసిన పాడుపనికి శిక్షగా ముప్పై అడిగి తీసుకున్నాడు. ఆయన బుడగల్లో టీ ఒక్కటే ఉండదు. ఒకదాంట్లో తలుపు తియ్యి, ఇంకోదాంట్లో ఎండ మండిపోతోంది, మరోదాంట్లో ఏం కూర. ఆ ముప్పై కాపీలూ అమ్మడానికి నాకు మనసొప్పలేదు, పక్కన పెట్టుకున్నాను.

అత్త వారానికి రెండుసార్లు ఫోన్ చేసేది. మావయ్య ఎలా ఉన్నాడో ఒక్క మాటలో చెప్పి, ఎన్నయినాయి అని అడిగేది. నేను చెప్పేదాన్ని. వేలి గణుపులు లెక్కపెట్టుకుంటున్నట్టు వినపడేది. ఆయనకి కొంచెం జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర నీరు కారినా, ఇంకా ఎక్కడెక్కడున్నాయి అని వెంటనే ఫోన్. రెండు వందల తొంభై తొమ్మిది దగ్గర లెక్క ఆగిపోయింది.

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో ఒక పుస్తకాల బంకులో ఐదు కాపీలు పెట్టాను. నాలుగు దొరికాయి. ఒకటి ఆపరేషన్‌కి ముందురోజే అమ్ముడైందట. పలాస బస్సు కదులుతుంటే ఎవరో ఆడమనిషి, పిల్లలకి బొమ్మల పుస్తకం అని చేతికందింది తీసుకుని పరిగెత్తిందట. ఆ బంకాయన్ని నేను నాలుగుసార్లు అడిగాను. అయిదోసారి ఆయన చేతులు జోడించాడు. టెక్కలి, కాశీబుగ్గ, మందసలో తెలిసినవాళ్లందరికీ చెప్పాను, ఫోన్లలో పెట్టించాను. ఎవరూ పలకలేదు.

ఆ సంగతి అత్తతో ఎలా చెప్పాలో తెలియక కోటబొమ్మాళి వెళ్లాను. మావయ్య మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. సగానికి సగం అయిపోయాడు. అత్త పాల కోసం వెళ్లింది. పుస్తకం ఆయన పక్కనే ఉంది. ముప్పై ఒకటో పేజీ తిప్పి, తన షావుకారు మీద వేలు తిప్పి, రెండో వైపు తిప్పాడు. చాలాసేపు చూశాడు.

"కింద దండున్నాది కదే," అన్నాడు.

ముప్పై ఏళ్లు పాత బోర్డుల మీద కొత్త బోర్డులు రాసిన మనిషి. కింద ఏముందో ఆయనకి తెలియకుండా ఎలా ఉంటుంది? ఆస్పత్రిలో మూడో రోజే చూశాడట. కోప్పడ్డావా మావయ్యా అని అడిగాను. తనకి నవ్వొచ్చిందట, నవ్వితే కుట్లు లాగాయట. నలుపు మాత్రం సరైనచోటే పడిందన్నాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. అత్త రోజూ తెల్లారకముందే లేచి తన ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోందట. తను నిద్రపోతున్నట్టు నటిస్తున్నాడట. ఆ ఒక్కటీ దొరకలేదు కదా అన్నాడు. లేదన్నాను.

"దొరికినాదని సెప్పీ," అన్నాడు. "నాకు గుండె కోసినా బతికినాను. అది ఇలగుంటే నాకంటే ముందు పోతాది."

అత్త పాలగిన్నెతో వచ్చింది. మిగిలింది దొరికింది అత్తా అన్నాను. చూపించు అంది. నా సంచిలో మార్చిన కాపీ ఒకటి ఉంది, ఇచ్చాను. ఆవిడ పేజీ వెతుక్కుని, కిటికీ చూసి, కాయలు ముట్టుకుని, బుడగ కింద వేలు పెట్టి తానే చదువుతున్నట్టు, "ఒసే, టీ ఎట్టవే," అంది. తర్వాత ఆ పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆస్పత్రిలో ఏడవలేదు, డాక్టరు మాట చెప్పినప్పుడూ ఏడవలేదు. ఇంకెక్కడా లేదు కదా అని అడుగుతూ ఏడ్చింది. ఎక్కడా లేదత్తా అన్నాను. మావయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇప్పుడు ఆవిడ బాగా నిద్రపోతోందట. ఫోన్ చేస్తే కూరల గురించి మాట్లాడుతుంది. నేనే, కోటబొమ్మాళి నంబరు కనబడిన ప్రతిసారీ మూడు రింగులు పోయాక గానీ ఎత్తను. ఇదంతా ఇక్కడ రాయడానికి అత్త భయం లేదు, ఆవిడ చదవదు. మావయ్య చదివినా చెప్పడు.

పలాస బస్సెక్కిన ఆ అమ్మ ఎవరో మీకు తెలిస్తే, లేదా ఆ అమ్మ మీరే అయితే, ముప్పై రెండో పేజీ తియ్యండి. పుస్తకం నాకు పంపక్కర్లేదు. ఇంట్లో ఉన్న పెన్ను ఏదైనా తీసుకోండి, పిల్లల చేతికిచ్చినా పర్లేదు. కిటికీ రాకపోతే మానెయ్యండి, ఆకులు వంకరగా వచ్చినా ఏమీ కాదు. ఆయన నోటి దగ్గర్నుంచి ఒక బుడగ మాత్రం గియ్యండి. అందులో ఏదో ఒక మాట రాయండి. మా అత్తకి నేను చెప్పింది ఆ నిమిషం నుంచి నిజమవుతుంది.